తక్కువ ఖర్చుతో ఆర్కేడ్ స్టిక్: కొనుగోలు, మార్పుచేర్పులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ కింది ప్రశ్నలన్నీ అనంతపురం, ధర్మవరం, గుంతకల్లు ప్రాంతాలలో ఫైటింగ్ గేములు ఆడే యువకులూ, వారికి డబ్బు ఇవ్వవలసిన పెద్దలూ నన్ను అడిగినవే. సమాధానాలన్నిటి వెనుక ఒకే లెక్క ఉంది. ఆర్కేడ్ స్టిక్‌లో లీవరునూ బటన్లనూ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. లోపలి బోర్డును మార్చవచ్చు గాని అది కొంత శ్రమతో కూడిన పని. డబ్బాను మార్చడమంటే కొత్త స్టిక్ కొనడమే. కనుక చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు మొదట మంచి డబ్బాను, తమ యంత్రానికి సరిపడే బోర్డును చూసుకొని, మిగిలినవాటిని నెమ్మదిగా మార్చుకోవాలి.

ఆర్కేడ్ స్టిక్ అంటే ఏమిటి?

ఎడమ చేతికి ఒక లీవరు, కుడి చేతికి ఆరు లేదా ఎనిమిది బటన్లు, వాటిని మోసే వెడల్పాటి డబ్బా, ఆ కదలికలను కంప్యూటరుకో కన్సోలుకో చేరవేసే చిన్న సర్క్యూట్ బోర్డు. రూపాయి బిళ్ల వేసి ఆడుకున్న వీడియో గేమ్ దుకాణాలను చూసినవారికి దీనిని వివరించనక్కరలేదు. మన ఊళ్లలో ‘ముస్తఫా’ అని పిలిచిన ఆట అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అని తెలియకుండానే ఒక తరం పెరిగింది. ఆనాడు నిలబడి తిప్పిన లీవరే ఈనాడు ఒళ్లో పెట్టుకొనే డబ్బాలోకి వచ్చింది.

స్టిక్ ఉంటేనే బాగా ఆడగలమా?

లేదు. 2014లో ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేముల పోటీలో ‘అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4’ విజేతగా నిలిచిన ఫ్రాన్స్ ఆటగాడు లఫీ, తొలి ప్లేస్టేషన్ కాలం నాటి మామూలు ప్యాడ్‌తోనే (రెండు చేతులా పట్టుకొని బొటనవేళ్లతో ఆడే కంట్రోలరు) ఆడి గెలిచాడు. ప్యాడ్ మీద హడోకెన్ (స్ట్రీట్ ఫైటర్‌లో చేతుల్లోంచి శక్తి బంతిని విసిరే దెబ్బ) రానివారికి స్టిక్ మీద వెంటనే వచ్చేస్తుందని ఆశించకూడదు. పైగా మొదటి రెండు మూడు వారాలు ఆట మరింత దిగజారినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే అంతవరకు బొటనవేలు చేసిన పనిని ఇప్పుడు మణికట్టూ వేళ్లూ కలిసి నేర్చుకోవాలి. ఆ వారాలలోనే చాలామంది ఆడలేక మద్దెల ఓడన్నట్టు లీవరును నిందించి, ఖరీదైన విడిభాగాల కోసం వెతకడం మొదలుపెడతారు. ఆరు బటన్లనూ వేళ్ల కింద పరిచి పెట్టుకోవడం, ఒకేసారి రెండు మూడు బటన్లను నొక్కగలగడం, బొటనవేలికి నొప్పి లేకపోవడం, వీటి కోసం స్టిక్ కొనవచ్చు. గెలుపు కోసం కొనకూడదు.

కొనే ముందు మొట్టమొదట ఏమి చూడాలి?

మీరు ఏ యంత్రం మీద ఆడుతున్నారో చూడాలి. బటన్లు ఏ కంపెనీవి, లీవరు ఏ దేశానిది అన్న చర్చలన్నీ దీని తరువాతే.

కంప్యూటరు మీద ఆడేవారికి ఇబ్బంది దాదాపు లేదు. విండోస్ గేమ్ కంట్రోలర్లను గుర్తించే ఎక్స్‌ఇన్‌పుట్ పద్ధతిలో పనిచేసే ఏ స్టిక్ అయినా తగిలించగానే పలుకుతుంది. కన్సోళ్ల సంగతి వేరు. అవి తమకు తగిలించిన పరికరం అనుమతి పొందినదా కాదా అని అడుగుతాయి. ప్లేస్టేషన్ 4లో ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేని బోర్డు మొదట బాగానే పనిచేసి, 8 నిమిషాలు కాగానే ఆగిపోతుంది. కొన్న దుకాణంలో అయిదు నిమిషాలు ఆడి చూసి సంతృప్తిగా ఇంటికి తెచ్చుకున్నవారు మోసపోయేది ఇక్కడే. ప్లేస్టేషన్ 5 మీద నడిచే ప్లేస్టేషన్ 4 ఆటలకు పాత స్టిక్కులు పనికివస్తాయి గాని, ప్లేస్టేషన్ 5 కోసమే తయారైన ఆటలలో అన్నీ వాటిని ఒప్పుకోవు. ఆ ఆట పేరుతోపాటు మీ స్టిక్ నమూనా పేరునూ చేర్చి వెతికి, ఇతరులు ఆడగలుగుతున్నారని తేల్చుకున్న తరువాతే డబ్బు కట్టండి. ఎక్స్‌బాక్స్ 2023 నవంబరు నుంచి అనుమతి లేని పరికరాలను మరింత గట్టిగా అడ్డుకుంటోంది.

కొన్ని తక్కువ ధర స్టిక్కులకు పక్కన అదనంగా ఒక యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది. మీ కన్సోలుతో వచ్చిన అసలు ప్యాడ్‌ను అక్కడ తగిలిస్తే, కన్సోలు అడిగే ప్రశ్నకు ఆ ప్యాడే జవాబు చెబుతుంది. చూడడానికి బాగుండదు గాని పని జరుగుతుంది.

తక్కువ ధరలో ఏ నమూనాలను పరిశీలించవచ్చు?

ధరలు నెలనెలా మారుతాయి కనుక అంకెలు ఇవ్వడం లేదు. మేఫ్లాష్ ఎఫ్300ను నేను చాలామందికి సూచించాను. అందులోని లీవరూ బటన్లూ మామూలు రకమే అయినా, డబ్బా చేతులు ఆన్చుకోవడానికి తగినంత వెడల్పుగా ఉంటుంది, బటన్ల రంధ్రాలు ప్రామాణికమైన 30 మిల్లీమీటర్లవి, జపాన్ లీవర్లు లోపల సులభంగా కూర్చుంటాయి. అసలు ప్యాడ్‌ను తగిలించుకొనే యూఎస్‌బీ రంధ్రం దీనికి ఉంది. ఎయిట్‌బిట్‌డూ వారి ఆర్కేడ్ స్టిక్ కంప్యూటరు, నింటెండో స్విచ్ కన్సోలు వాడేవారికి చక్కనిది, వైరు లేకుండానూ పనిచేస్తుంది, దాని భాగాలను కూడా మార్చుకోవచ్చు. ప్లేస్టేషన్ ఉన్నవారు మాత్రం దాని జోలికి పోనక్కరలేదు. హోరి వారి ఫైటింగ్ స్టిక్ మినీ పేరుకు తగినట్టే చిన్నది. పిల్లలకు బాగుంటుంది, పెద్దవారి అరచేతులు డబ్బా దాటి వేలాడతాయి, పెద్ద బటన్లు అందులో పట్టవు. చవకగా వచ్చిందని దానిని కొని తరువాత మెరుగుపరుద్దామనుకొనేవారు ఆ ఆలోచన మానుకోవాలి.

పేరు తెలియని కంపెనీల డబ్బాలలోనూ కొన్ని మంచివి ఉంటాయి. వాటి గురించి అడగవలసినవి మూడే: బటన్లు 30 మిల్లీమీటర్లవా, అడుగు పలక మరలతో ఊడివస్తుందా, బటన్ల వైర్లు బోర్డుకు టంకం వేసి ఉన్నాయా లేక లాగితే వచ్చే లగ్గులతో (వైరు కొనన ఉండే చిన్న లోహపు తొడుగులతో) ఉన్నాయా.

విడిభాగాలు అనంతపురంలో దొరుకుతాయా?

లీవర్లు, బటన్లు దొరకవు. వైర్లు, లగ్గులు, టంకం సామాను, స్క్రూ డ్రైవర్లు ఊళ్లోనే దొరుకుతాయి. మనకు బెంగళూరు దగ్గర. అక్కడి ఎస్పీ రోడ్డులో ఎలక్ట్రానిక్ సామాను, రాస్ప్‌బెర్రీ పై పికో వంటి బోర్డులు దొరుకుతాయి. కర్నూలు వారికి హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ అనువుగా ఉంటుంది. లీవర్లు, బటన్లు చేసే జపాన్ కంపెనీ సాన్వా వారి అసలైన భాగాల కోసం మాత్రం ఇంటర్నెట్‌లో అమ్మేవారినే ఆశ్రయించాలి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ, ఆ పని చేసిపెట్టినందుకు కొరియరు వారి రుసుము కలుస్తాయి కాబట్టి, తెర మీద కనిపించే ధరను చూసి బడ్జెట్ వేసుకోకూడదు. నలుగురు మిత్రులు కలిసి ఒకే పార్సిల్‌గా తెప్పించుకుంటే రవాణా ఖర్చయినా పంచుకోవచ్చు.

‘సాన్వా రకం’ అని రాసి ఉన్న వస్తువు సాన్వా వస్తువు కాదు. ఆ ఒక్క ‘రకం’ అనే మాటను చదవకుండా దాటేసినందుకు నేను మొదటిసారి ఎనిమిది నకిలీ బటన్లు కొన్నాను. ఆరు నెలలకు వాటిలో రెండు నొక్కినప్పుడు పలకడం మానేసి, వదిలినప్పుడు పలకడం మొదలుపెట్టాయి.

వాడిన స్టిక్ కొనవచ్చా?

తప్పకుండా కొనవచ్చు, నా ఉద్దేశంలో తక్కువ ఖర్చుకు ఇంతకంటె మంచి దారి లేదు. లీవరు వదులైనా, బటన్లు అరిగినా బేరం ఆడడానికి అవి మంచి కారణాలే తప్ప వద్దనడానికి కారణాలు కావు. డబ్బా పగులు, యూఎస్‌బీ వైరు డబ్బాలోంచి బయటికి వచ్చే చోట నలిగి ఉండడం, లోపల తడి తగిలిన మరకలు కనిపిస్తే వదిలేయండి. ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకువెళ్లి, విండోస్‌లోని రన్ పెట్టెలో ‘జాయ్.సీపీఎల్’ అని టైపు చేస్తే వచ్చే పరీక్ష కిటికీలో ప్రతి బటన్‌నూ ఇరవైసార్లు నొక్కి చూడండి. లీవరును ఎనిమిది దిక్కులకూ నెట్టి, ప్రతిసారీ వదిలేసి, అది మధ్యకు వచ్చి నిలుస్తున్నదా అని చూడండి. అమ్మే వ్యక్తి తొందరపెడితే కొనకుండా రండి.

బటన్లు, లీవరు, బోర్డు: వీటిలో ముందు దేనిని మార్చాలి?

కొన్న వెంటనే ఏదీ మార్చకండి. ఒక నెల ఆడితే ఏది ఇబ్బంది పెడుతోందో చేతికే తెలుస్తుంది. కన్సోలు బోర్డును ఒప్పుకోకపోతే బోర్డే మొదట. అక్కడ ఎంపిక లేదు. ఆ చిక్కు లేనివారు లీవరుతో మొదలుపెట్టడం మేలని నేను అనుకుంటాను, ఎందుకంటే చవక స్టిక్కులలో ముందుగా తేలిపోయేది అదే: మూలల దిక్కులు తప్పుతాయి, మధ్యకు తిరిగి రావడం ఆలస్యమవుతుంది, ముందుకు, కిందికి, ముందు మూలకు నెట్టి కొట్టవలసిన షోర్యూకెన్ (పైకి ఎగిరి కొట్టే గుద్దు) పదిలో నాలుగుసార్లు హడోకెన్ అయి కూర్చుంటుంది. బటన్లు గట్టిగా ఉన్నా వేళ్లు అలవాటు పడతాయి. టెక్కెన్ అనే ఫైటింగ్ గేము మాత్రమే ఆడేవారికి నాలుగు బటన్లు చాలు కనుక మొదట నాలుగింటినే మార్చుకొని మిగిలినవాటిని అలాగే ఉంచవచ్చు. రంగులు కలవవు, అంతే.

లీవరును ఎలా ఎంచుకోవాలి, ఎలా మార్చాలి?

జపాన్‌కు చెందిన సాన్వా జేఎల్ఎఫ్ అనే లీవరు దాదాపు ప్రమాణంగా నిలిచిపోయింది. లోపల నాలుగు మైక్రోస్విచ్‌లు, మధ్యకు లాగే ఒక స్ప్రింగు, కింద కదలికకు హద్దు గీసే గేటు, పైన 35 మిల్లీమీటర్ల గుండ్రటి పిడి ఉంటాయి. అదే దేశపు సెయిమిట్సు ఎల్ఎస్-32 కొంత బిగువుగా ఉండి, తక్కువ కదలికతోనే పలుకుతుంది. టెక్కెన్ ఆడేవారు కొందరు కొరియా లీవర్లను ఇష్టపడతారు; వాటిలో స్ప్రింగుకు బదులు రబ్బరు ఉంటుంది, పిడి బ్యాటు ఆకారంలో ఉంటుంది. వాటిని కొనే ముందు డబ్బా లోపలి లోతును స్కేలుతో కొలవండి, ఎందుకంటే పలుచని డబ్బాలలో అవి అడుగు పలకకు తగులుతాయి.

మార్చే పద్ధతి ఇది. యూఎస్‌బీ వైరు ఊడదీసి, అడుగు పలక మరలు విప్పండి. లీవరు కడ్డీ కింది కొనకు ఒక గాడి ఉంటుంది. దానిలో చదును మొన ఉన్న స్క్రూ డ్రైవరును ఆనించి కడ్డీ తిరగకుండా పట్టుకొని, పైనున్న పిడిని గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిప్పితే ఊడివస్తుంది. తరువాత అయిదు వైర్ల కనెక్టరు తీసి, నాలుగు మరలు విప్పితే పాత లీవరు చేతిలోకి వస్తుంది. కొత్తదానిని అదే వరుసలో వెనక్కి బిగించండి. విప్పే ముందు ఫోనుతో నాలుగైదు ఫొటోలు తీసి పెట్టుకోవడం మరచిపోకండి. నేను ఎవరికైనా చేసిపెట్టేటప్పుడు ఇప్పటికీ తీస్తాను.

ఆ అయిదు వైర్లలో నాలుగు దిక్కులకు ఒక్కొక్కటి, అయిదవది అన్నింటికీ ఉమ్మడి గ్రౌండు. బిగించిన తరువాత పైకి నెడితే పక్కకు పోతున్నదంటే లీవరు పాడైనట్టు కాదు. దానిని పావు వంతు తిప్పి బిగించారు, లేదా వైర్ల వరుస మారింది. భయపడి కొత్తది కొనకండి.

గేటు చదరంగా ఉండాలా, ఎనిమిది మూలలతో ఉండాలా?

జేఎల్ఎఫ్‌తో వచ్చేది చదరపు గేటు. నాలుగు మూలలూ నాలుగు ఐమూల దిక్కులు. కనుక కిందికి, వెనక్కి కలిపి కూర్చొని కాపాడుకోవడానికి మూల ఎక్కడుందో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ఎనిమిది మూలల గేటు ప్రతి దిక్కుకూ ఒక గాడిని ఇస్తుంది, కొత్తవారికి అది ధైర్యంగా అనిపిస్తుంది, కాని ఆ గాడిలోంచి లీవరును లేపడానికి పట్టే ఆలస్యాన్ని వారు లెక్కలోకి తీసుకోరు. ఏ గేటు ఉన్నా లీవరును దాని గోడకు రాస్తూ తిప్పనక్కరలేదు. స్విచ్ ‘టక్’ మన్న చోటుతో పని అయిపోయినట్టే. గేటు చవకైనది, మార్చడం తేలిక, కాబట్టి రెండూ ప్రయత్నించి చూడడంలో తప్పులేదు. నేను చదరంతోనే ఉండిపోయాను.

బటన్లు మార్చడానికి టంకం వేయడం రావాలా?

చాలా స్టిక్కులలో అవసరం లేదు. ప్రతి బటన్‌కూ రెండు కాళ్లు ఉంటాయి, ఒకటి సంకేతానికి, ఒకటి గ్రౌండుకు. ఏది ఏ కాలికి తగిలించినా తేడా లేదు. సాన్వా ఓబీఎస్ఎఫ్-30 బటన్లకు 2.8 మిల్లీమీటర్ల లగ్గులు సరిపోతాయి. ఊళ్లో కారు ఎలక్ట్రీషియన్ల దగ్గర తేలికగా దొరికే పెద్ద లగ్గులు వదులై జారిపోతాయి కనుక వాటిని నొక్కి సరిపెట్టకండి. లగ్గును తీసేటప్పుడు వైరు పట్టుకొని లాగకుండా, నోజ్ ప్లయరుతో లగ్గునే పట్టుకొని నిటారుగా లాగండి. పక్కలకు ఊపితే బటన్ కాలు విరుగుతుంది. ఆ తరువాత కింది నుంచి బటన్ రెండు పక్కలా ఉన్న చెవులను నొక్కిపట్టి పైకి నెడితే అది బయటికి వస్తుంది. ఒక బటన్ తీసి, దాని స్థానంలో కొత్తది పెట్టి, వైర్లు తగిలించి, అప్పుడు రెండవదానికి పోండి. ఎనిమిదీ ఒకేసారి ఊడదీసి చాప మీద పరచుకున్నవారు సాయంత్రానికి నాకు ఫోను చేస్తారు.

‘జీరో డిలే’ అని అమ్మే బోర్డు నిజంగా ఆలస్యం లేనిదేనా?

ఆ పేరు అమ్మేవారు పెట్టుకున్నది. ఫైటింగ్ గేములు సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తాయి, అంటే ఒక్కో ఫ్రేము సుమారు 16.67 మిల్లీసెకన్లు, బోర్డు దగ్గర పోయే ప్రతి మిల్లీసెకను ఆ కొద్దిపాటి గడువులోంచే పోతుంది. నేర్చుకొనేవారికి ఆ చవక బోర్డు సరిపోతుంది, పోటీకి సిద్ధమయ్యేవారికి సరిపోదు. అంతకంటె మంచిది అంతే చవకగా దొరుకుతున్నప్పుడు దానిని సిఫారసు చేయడానికి నాకు మనసొప్పదు.

ఆ మంచిది రాస్ప్‌బెర్రీ పై పికో. 2021 జనవరిలో 4 డాలర్ల ధరతో విడుదలైన ఈ చిన్న బోర్డులో జీపీ2040-సీఈ అనే ఉచిత ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే ప్రోగ్రాము) వేస్తే, సెకనుకు వెయ్యిసార్లు కంప్యూటరుకు కబురు పంపే స్టిక్ బోర్డు తయారవుతుంది. పికో మీది బూట్‌సెల్ బటన్ నొక్కిపట్టి యూఎస్‌బీ తగిలిస్తే అది పెన్ డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఫర్మ్‌వేర్ ఫైలును అందులోకి కాపీ చేస్తే పని పూర్తి. ఆ తరువాత స్టార్ట్ బటన్ నొక్కిపట్టి తగిలించి, బ్రౌజరులో 192.168.7.1 తెరిస్తే ఏ కాలు ఏ బటన్‌కో అక్కడే మార్చుకోవచ్చు. ఇక్కడ మాత్రం టంకం తప్పదు. మీకు రాకపోతే సెల్‌ఫోన్ రిపేరు చేసే వ్యక్తికి బోర్డు, వైర్లు, కాగితం మీద గీసిన పటం ఇస్తే అరగంటలో చేసిపెడతాడు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ మీద ఆడేవారికి ముందు చెప్పిన అనుమతి చిక్కు పికోతోనూ ఉంటుంది. వారికి బ్రూక్ కంపెనీ బోర్డులు ఖరీదైనా తలనొప్పి తక్కువ.

డబ్బాను మనమే చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, మన ఊళ్లలో అది సులభం కూడా. వడ్రంగి చేత ప్లైవుడ్ చట్రం చేయించి, పై పలకను మాత్రం నేమ్ బోర్డులు చేసే దుకాణంలో అక్రిలిక్ షీటు నుంచి లేజరుతో కోయించండి. ప్లైవుడ్‌కే 30 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయిస్తే అంచులు పెచ్చులూడతాయి; పైగా నొక్కి బిగించే బటన్ల చెవులు పలుచని పలకకే పట్టుకుంటాయి, మందపు చెక్కకు పట్టుకోవు. చెక్కే కావాలంటే నట్టు తిప్పి బిగించే ఓబీఎస్ఎన్-30 రకం తీసుకోవాలి. బటన్ల అమరికకు కొలతల పటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని అసలు కొలతతో కాగితం మీద ముద్రించి, అట్టకు అంటించి, రంధ్రాలు కోసి, చేయి పెట్టి చూసిన తరువాతే దుకాణానికి వెళ్లండి.

డబ్బా బరువు ఉండాలి. తేలిక డబ్బా ఆట వేడెక్కిన కొద్దీ ఒళ్లోంచి జారుతుంది. కడపలో ఒక కుర్రవాడు తన డబ్బా అడుగున చేతి వెడల్పు కడప బండ ముక్కను బిగించుకున్నాడు. మొదట నవ్వుకున్నాను గాని, ఒకసారి ఆడి చూశాక అది కదలనందుకు మెచ్చుకోక తప్పలేదు.

దుమ్ము, ఎండల నుంచి ఎలా కాపాడుకోవాలి?

ఆడనప్పుడు ఒక పాత తువ్వాలు కప్పండి. అనంతపురం గాలిలో వచ్చే సన్నని దుమ్ము లీవరు కడ్డీ పక్క సందులోంచి లోపలికి దిగి, గ్రీజుతో కలిసి బంకగా మారుతుంది. ఆరు నెలలకు ఒకసారి తెరిచి, పాత గ్రీజును బట్టతో తుడిచి, ప్లాస్టిక్‌కు హాని చేయని సిలికాన్ గ్రీజును కడ్డీ ఇరుసు దగ్గర కందిగింజంత పూయండి. కొబ్బరి నూనె, కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రే వాడకూడదు. అవి స్విచ్‌లలోకి పాకుతాయి, దుమ్మును పట్టి ఉంచుతాయి. వేసవిలో నిలిపి ఉంచిన కారులో స్టిక్‌ను వదిలేయకండి.

రాత్రిపూట చప్పుడు తగ్గించడం ఎలా?

చప్పుడు చేయని ఓబీఎస్ఎఫ్ఎస్-30 బటన్లు ఉన్నాయి, ధర ఎక్కువ. అంత పెట్టలేనివారు డబ్బా అడుగు లోపల స్పాంజి పరిచి, దానిని బల్ల మీద కాక ఒళ్లో దిండు మీద పెట్టుకుంటే సగం చప్పుడు తగ్గుతుంది. మిగతా సగం లీవరుది. దానికి మిద్దె మీది గదే మందు.

లీవరు లేని, అన్నీ బటన్లే ఉన్న స్టిక్ మంచిదా?

దిక్కులను కూడా బటన్లతో నొక్కే ఆ పద్ధతి వేగమైనదే, పై చెప్పిన పికోతో లీవరు ఖర్చు లేకుండా చేసుకోవచ్చు కనుక చవకైనది కూడా. ఎడమ, కుడి ఒకేసారి నొక్కితే ఏమి జరగాలన్నది ఫర్మ్‌వేర్‌లో ముందే నిర్ణయించాలి, పోటీలకు వెళ్లేవారు ఆ పోటీ నియమాన్ని చదివి దాని ప్రకారం పెట్టుకోవాలి. కీబోర్డు మీద ఆడి వచ్చినవారికి ఇదే నప్పుతుంది. రూపాయి బిళ్లల కాలం నుంచి వచ్చినవారు ముందుగా మిత్రుని దగ్గర ఒక వారం అరువు తెచ్చుకొని ఆడి చూడండి.